బస్సు యాప్‌లో ఐన్‌స్టీన్



రోజూ పొద్దున మీలో చాలామంది ఒక చేత్తో లంచ్ బాక్సు మూత పెడుతూ, రెండో చేత్తో ఫోన్‌లో స్కూలు బస్సు ఎక్కడుందో చూస్తుంటారు. మ్యాపు మీద ఆ చిన్న బస్సు బొమ్మ మీ సందు మొదట్లోకి రాగానే "షూస్ వేసుకో, వచ్చేసింది" అని ఒక కేక. ఆ బొమ్మ సరిగ్గా మీ సందు మొదట్లోనే కనపడుతోందంటే, పక్క ఊళ్లో కనపడటం లేదంటే, దాని వెనక ఐన్‌స్టీన్ 1905లోనూ 1915లోనూ చెప్పిన రెండు సిద్ధాంతాలు ఉన్నాయి. సమయం అందరికీ ఒకేలా నడవదని ఆయన చెప్పిన మాట నిజమని నమ్మి, దాన్ని లెక్కలో వేసుకున్నారు కాబట్టే ఆ యాప్ పని చేస్తోంది. ఈ సంగతి మీ ఇంట్లో, భోజనాల దగ్గర, తెలుగులో మాట్లాడుకోవాలని నా కోరిక.

నేను ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ విషయం పేరెంట్స్ మీటింగులో ఎత్తినప్పుడల్లా రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా మేడం?" రెండోది, "మేము తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లం, మాకేం తెలుసు మేడం, మీరే చెప్పాలి."

మొదటిదానికి సూటిగా జవాబు: రాదు. పదో తరగతిలో రాదు. ఇంటర్‌లో ద్రవ్యరాశికీ శక్తికీ ఉన్న సంబంధం అని ఒక ఫార్ములా వస్తుంది, అంతే. కానీ నా బాధ కూడా అక్కడే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు ‘ఇంటర్‌స్టెల్లార్’ సినిమా చూసి వచ్చి, ఆ గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు ఎలా అయిపోయాయని అడుగుతాడు. "అది పై క్లాసుల్లో చెప్తారులే" అంటాం. ఆ పై క్లాసు ఏది? ఎంపీసీ, ఎంట్రన్సు, కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్, ఉద్యోగం. మన పిల్లల్లో చాలామంది పోయే దారి ఇదే, ఈ దారిలో ఆ ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పే క్లాసు దాదాపు లేదు. ఫిజిక్స్ డిగ్రీ చేసే కొద్దిమంది తప్ప మిగతావాళ్లకు "తర్వాత" అంటే "ఎప్పటికీ లేదు" అనే. ఆరో తరగతిలో గంటకు పది ప్రశ్నలు వేసిన పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి చేయి ఎత్తడం మానేస్తున్నారంటే, ఇలాంటి "తర్వాత"లు ఎన్ని పోగయ్యాయో అనిపిస్తుంది నాకు.

రెండో మాటకు జవాబే ఈ వ్యాసం. ఇంగ్లీషు అక్కర్లేదు, కాల్క్యులస్ అక్కర్లేదు. ఒక రైలు, ఒక టార్చి లైటు, ఒక త్రిభుజం చాలు.

ముందు ఒక చిక్కు విడదీయాలి. మీ తమ్ముడో మరిదో డల్లాస్‌లో ఉంటారు. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ పొద్దున పదిన్నర. పిల్లలు "టైం తేడా అంటే ఇదే కదా" అనుకుంటారు. ఇది కాదు. ఇది మనుషులు పెట్టుకున్న ఒప్పందం. మన ఐఎస్‌టీ కూడా ఒప్పందమే. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి సమయాన్ని దేశమంతా వాడుకుంటున్నాం. ఆ రేఖ మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది. 1906 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. అంతకుముందు రైళ్లు మద్రాసు టైం ప్రకారం నడిచేవి. ఊరిని బట్టి పొద్దు మారుతుందన్న సంగతి మన నానమ్మలకు మనకంటే బాగా తెలుసు. విశాఖపట్నంలో సూర్యోదయమైన దాదాపు 20 నిమిషాలకు గానీ హైదరాబాదులో కాదు కాబట్టి, పంచాంగం ఏ ఊరికి వేశారో చూసుకుని మరీ రాహుకాలం లెక్క పెడతారు. అయితే ఇందులో ఎవరి గడియారమూ నెమ్మదించలేదు. డల్లాస్‌లో గంట ఎంతసేపో ఇక్కడ గంటా అంతసేపే. ముల్లు ఎక్కడ పెట్టుకున్నామన్నదే తేడా. ఐన్‌స్టీన్ చెప్పింది వేరే: గంట నిడివే మారుతుంది.

ఎలాగంటే, మీ అమ్మాయి విజయవాడ వెళ్లే రైల్లో కూర్చుని బంతిని నేలకు కొట్టి పట్టుకుంటోంది అనుకోండి. (పక్క సీటువాళ్లు ఏమంటారో అది వేరే సంగతి.) ఆమె కంటికి బంతి నిటారుగా కిందికి పోయి నిటారుగా పైకి వస్తుంది. మీరు దారిలో రైలు ఆగని ఒక చిన్న స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తున్నారు. బంతి కిందికి పోయేలోపు రైలు కొంచెం ముందుకు జరిగింది, పైకి వచ్చేలోపు ఇంకొంచెం జరిగింది. కాబట్టి మీ కంటికి బంతి ఏటవాలుగా దిగి, ఏటవాలుగా లేచింది. మీరు చూసిన దారి పొడవు ఎక్కువ. అయినా ఇద్దరి లెక్కలో పట్టిన సమయం ఒకటే, ఎందుకంటే మీ లెక్కలో బంతి వేగం కూడా ఎక్కువే. రైలు వేగం దానికి తోడైంది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు బంతి తీసేసి కాంతిని పెట్టండి. పైన టార్చి, కింద నేల మీద అద్దం. కాంతికి ఒక గుణం ఉంది. నిలబడి కొలిచినా, పరిగెత్తుతూ కొలిచినా, దాని వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లే. మనం మూడు లక్షలు అనుకుందాం. రైలు వేగం దానికి తోడు కాదు. 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు, భూమి కదలిక వల్ల కాంతి వేగంలో తేడా కనపడుతుందేమోనని చాలా సున్నితమైన పరికరంతో వెతికారు. కనపడలేదు. ఆ ఫలితం చాలామంది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను ఇబ్బంది పెట్టింది. బెర్న్ నగరంలో పేటెంట్ ఆఫీసు ఉద్యోగిగా ఉన్న 26 ఏళ్ల ఐన్‌స్టీన్ మాత్రం, కాంతి వేగం అందరికీ ఒకటేనన్న మాటనే పునాదిగా పెట్టుకుని, దాని నుంచి ఏమొస్తుందో చూద్దామన్నాడు.

ఏమొస్తుంది? ప్లాట్‌ఫాం మీద ఉన్న మీకు కాంతి నడిచిన దారి పొడవుగా కనపడింది. వేగం పెరగలేదు. మరి ఏది పెరగాలి? ఇక్కడ నేను క్లాసులో ఆగిపోతాను. ఏ మూల నుంచో "టైం" అని మెల్లగా వినపడేదాకా ఆగుతాను. మీరూ ఇంట్లో ఇక్కడ ఆగండి. జవాబు మీరు చెప్పేయకండి, దయచేసి.

ఎంత పెరుగుతుందో కూడా పిల్లలే లెక్క కట్టగలరు. కాగితం మీద లంబకోణ త్రిభుజం గీయండి, భుజాలు 3, 4, 5. రైలు కాంతి వేగంలో 60 శాతం వేగంతో పోతోందనుకోండి. టార్చి నుంచి అద్దం దాకా కాంతి దిగడానికి మీ వాచీలో 5 సెకన్లు పట్టింది. ఆ సమయంలో కాంతి ఏటవాలుగా 5 పాళ్ల దూరం నడిచింది, అది కర్ణం. రైలు అడ్డంగా 3 పాళ్లు జరిగింది, ఎందుకంటే 5లో 60 శాతం 3. మిగిలిన నిలువు భుజం, అంటే పెట్టె ఎత్తు, 4 పాళ్లు. రైల్లో ఉన్న అమ్మాయికి కాంతి ఆ నిలువు గీత మీదే దిగింది, 4 పాళ్లే నడిచింది, అదే వేగంతో. అంటే ఆమె వాచీలో 4 సెకన్లు. మీకు 5, ఆమెకు 4. పైథాగరస్ తప్ప ఇందులో ఇంకేమీ లేదు. (పెట్టె ఎత్తు 12 లక్షల కిలోమీటర్లు ఉండాలి, రైల్వేవాళ్లు ఒప్పుకోరు. సెకన్ల బదులు ఎంత చిన్న ముక్క తీసుకున్నా నిష్పత్తి అదే.)

రైల్లో అమ్మాయికి ఏదో మందకొడిగా ఉన్నట్టు అనిపిస్తుందా అంటే, లేదు. ఆమె వాచీ, ఆమె నాడి, ఆమె ఆలోచన, అన్నీ కలిసే నడుస్తాయి కాబట్టి ఆమెకు అంతా మామూలే. తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: ఆమె వైపు నుంచి చూస్తే ప్లాట్‌ఫామే వెనక్కి పోతోంది కదా, అప్పుడు మన వాచీయే నెమ్మది కదా? నిజమే, దూరంగా పోతున్నంతసేపు ఇద్దరి మాటా చెల్లుతుంది. రెండు వాచీలు పక్కపక్కన పెట్టి చూడాలంటే ఎవరో ఒకరు వెనక్కి తిరిగి రావాలి. అలా దిశ మార్చుకుని వచ్చినవారి వాచీలోనే తక్కువ సమయం గడిచి ఉంటుంది.

మరి మన రైళ్లలో ఇదంతా ఎందుకు తెలియదు? వందే భారత్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా 8 గంటలు నడిచిందనుకుని నేను లెక్క వేశాను. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కలో మూడో వంతు తేడా వచ్చింది. లేటు రన్నింగుకు ఇది సాకుగా చెల్లదు.

తేడా చిన్నదైనా కల్పన మాత్రం కాదు. మన తల మీద సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, అంతరిక్షం నుంచి వచ్చే కణాలు గాలికి తగిలి మ్యూయాన్లు అనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు రెండుకు కాస్త ఎక్కువ. ఆ కాసేపట్లో కాంతి వేగంతో పోయినా 660 మీటర్లు దాటకూడదు. కానీ అవి నేల దాకా వస్తున్నాయి. ఇది చదువుతున్న మీ అరచేతిలోంచి సుమారుగా సెకనుకు ఒకటి పోతోంది. మన వాచీ ప్రకారం వాటి గడియారం అంత నెమ్మదిగా నడుస్తోందన్నమాట. మన కుప్పం పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల్లోకి పరికరాలు దించి, భూమి లోపలికి ఎంత లోతు వరకు ఇవి వస్తాయో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు లెక్కపెట్టారు.

ఇది వేగం కథ. 1915 నాటి రెండో సిద్ధాంతం గురుత్వాకర్షణది. దాని లెక్కకు మన త్రిభుజం సరిపోదు, కానీ ఫలితం చిన్న వాక్యంలో పడుతుంది: భూమికి దగ్గరగా ఉన్న గడియారం నెమ్మదిగా, ఎత్తున ఉన్నది కాస్త వేగంగా నడుస్తుంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలు ఒక అణు గడియారాన్ని కేవలం 33 సెంటీమీటర్లు పైకెత్తి ఈ తేడాను కొలిచి చూపించారు. పదో అంతస్తులో 70 ఏళ్లు కాపురం ఉన్నవారికి, గ్రౌండ్ ఫ్లోర్‌వారి కంటే సెకనులో పది లక్షల వంతులు ఏడు ఎక్కువ వయసు వస్తుంది. మెయింటెనెన్స్ ఛార్జీల ముందు అదెంత.

ఇక బస్సు సంగతి. మ్యాపులకు ఆధారమైన జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 14,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. వాటిలో అణు గడియారాలుంటాయి. "నేను ఈ క్షణాన ఇక్కడున్నాను" అని ఒక్కో ఉపగ్రహం పంపే సంకేతం ఎంతసేపటికి చేరిందో చూసి, బస్సులో ఉన్న పరికరం దూరం లెక్క కడుతుంది. దాని పని మొత్తం సమయం మీదే. ఇప్పుడు చూడండి. వేగంగా తిరగడం వల్ల ఆ గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. ఎత్తున ఉండటం వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకుపోతాయి. నికరంగా 38 మైక్రోసెకన్లు ముందు. ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఆ 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లకు పైగా పోతుంది. పట్టించుకోకపోతే ఉపగ్రహం నుంచి దూరం లెక్కలో ఒక్క రోజులోనే అంత తప్పు పేరుకుంటుంది. అందుకే ఆ గడియారాలను నేల మీద ఉండగానే కాస్త నెమ్మదిగా నడిచేలా సర్ది పంపుతారు.

1977లో ఈ పద్ధతిని పరీక్షించడానికి పంపిన ఒక ఉపగ్రహంలో ఈ సర్దుబాటును ముందు ఆపి ఉంచారు. ఐన్‌స్టీన్ లెక్క నిజంగా వర్తిస్తుందా అని సందేహించినవారు అప్పటికీ ఉన్నారు. సుమారు 20 రోజులు చూశారు. గడియారం దాదాపు ఆ లెక్క చెప్పినంతే ముందుకు పోయింది. సర్దుబాటు ఆన్ చేశారు. నాకు ఈ కథలో నచ్చేది, ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు, స్విచ్ ఆపి చూశారు. ఇప్పుడు మనకు సొంత నావిక్ వ్యవస్థ ఉంది. దాని ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్లాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన అణు గడియారం ఉంది. నెల్లూరు, తిరుపతి వైపు పిల్లలకు రాకెట్ పొగ ఇంటి మేడ మీద నుంచి కనిపిస్తుంది, దాని కడుపులో గడియారం ఉందని కూడా తెలిస్తే బాగుంటుంది.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే మరో మాట కచ్చితంగా వస్తుందని నాకు తెలుసు: "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయి." రేవతి కథ చాలామందికి తెలిసిందే. కకుద్మి మహారాజు కూతురికి వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ సంగీతం సాగుతుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయని, తాను అనుకున్న వరులెవరూ ఇప్పుడు లేరని బ్రహ్మ చెబుతాడు. చివరికి రేవతి బలరాముడి భార్య అవుతుంది. భాగవతంలోని ఈ కథ నాకు చాలా ఇష్టం. తిరిగొచ్చిన మనిషికి తనవాళ్లంటూ ఒక్కరూ మిగలకపోవడం, ఆ బెంగ ‘ఇంటర్‌స్టెల్లార్’లో తండ్రి పడే బెంగే. కాబట్టి పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పండి. తాతయ్యల చేత, అమ్మమ్మల చేత చెప్పించండి. సమయం అందరికీ ఒకేలా నడవకపోవచ్చని ఊహించడానికి పసిమనసుకు ఇంతకంటే మంచి తలుపు లేదు.

కానీ "ఇదే సాపేక్ష సిద్ధాంతం" అని మాత్రం అనకండి. కథ తేడా ఉండొచ్చని ఊహించింది. సిద్ధాంతం ఎంత తేడా, ఎందుకు, ఏ వేగానికి ఎంత అని చెప్పి, తప్పయితే దొరికిపోయేలా తనను తాను నిలబెట్టుకుంది. బస్సు యాప్‌కు 38 అనే అంకె కావాలి. ఈ తేడా చెప్పినంత మాత్రాన కథ గౌరవం తగ్గదు, పిల్లలు రెండింటినీ ప్రేమించగలరు. వాట్సాప్ ఫార్వర్డులు ఆ రెండింటినీ ఒకే గంపలో వేస్తే, ఆ పిల్లలే పై చదువులకు పోయాక రెండింటినీ అనుమానించే ప్రమాదం ఉంది. అలాగే "ఐన్‌స్టీనే చెప్పాడు, అంతా సాపేక్షమే, నిజమంటూ ఏదీ లేదు" అనే మాట కూడా. ఆయన మొత్తం లెక్క కట్టింది అందరికీ మారని ఒక వేగం మీద.

‘ఆదిత్య 369’ ఇష్టపడే నాన్నలకు ఒక్క మాట. 1991 నాటి ఆ సినిమాలోలా రాయలవారి కాలానికి వెనక్కి పోయే దారి ఈ సిద్ధాంతం మన చేతికి ఇవ్వలేదు. ముందుకు పోవడం మాత్రం నిజం. ఆ మ్యూయాన్లు అదే చేస్తున్నాయి.

ఇంగ్లీషు మీడియం టీచరుగా నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది. మా క్లాసులో "టైం డైలేషన్" అని చక్కగా పలికే పిల్లలు, ఇంటికి పోయి నానమ్మకు అదేమిటో రెండు తెలుగు ముక్కల్లో చెప్పమంటే తడబడుతున్నారు. మాట నోటికి వచ్చిందా, విషయం బుర్రకెక్కిందా అన్నది అక్కడ తెలిసిపోతుంది. ఇంగ్లీషు డెఫినిషన్ బట్టీ పట్టొచ్చు. సైన్సు చదవని నానమ్మకు వచ్చిన సందేహాన్ని బట్టీ పట్టలేరు. అందుకే "మాకు ఇంగ్లీషు రాదు" అని వెనక్కి తగ్గకండి. ఈ పరీక్ష పెట్టడానికి మీకున్న అర్హత నాకు కూడా లేదు.

నేను అడిగేది వారానికి ఇరవై నిమిషాలు, అంతే. వీక్లీ టెస్టు ముందు రోజు వద్దు, ఆ రోజు ఎవరి మనసూ ఎవరి దగ్గరా ఉండదు. ఆదివారం టిఫిన్ల తర్వాత బాగుంటుంది. ఫోన్ పక్కన పెట్టి, ఒక కాగితం మీద 3, 4, 5 త్రిభుజం గీసి, "ఇదేంటో నాకు చెప్పరా" అనండి. మధ్యలో తప్పు చెప్పినా ఆపకండి. తనే ఆగి వెనక్కి వస్తాడు, లేదా సోమవారం వచ్చి నన్ను అడుగుతాడు. చివర్లో ఒక ప్రశ్న వేయండి: రైలు 60 శాతం కాకుండా 80 శాతం కాంతి వేగంతో పోతే, ప్లాట్‌ఫాం మీద 5 సెకన్లు గడిచినప్పుడు రైల్లో ఎన్ని? త్రిభుజం అదే, ఏ భుజం ఎటు పడుతుందన్నదే చూసుకోవాలి. ఆ కాగితం డైరీలో పెట్టి నాకు పంపండి.